కొత్త ఇంటికి వెలుగు తీగ

కొత్త ఇల్లు కొనేటప్పుడు మనం ఏమేమి చూస్తాం? నీళ్ళు వస్తాయా అని అడుగుతాం. కరెంటు ఉందా అని చూస్తాం. వాకిలి ఏ దిక్కున ఉందో చూస్తాం. ఈ రోజుల్లో ఇంకొకటి కూడా చూసుకోవాలి. అదే ఇంటర్నెట్ లైను. దాన్నే మనం నెట్టు అంటాం.

"మనకెందుకమ్మా నెట్టు?" అనుకుంటున్నారా? అయితే ఒక కథ చెప్పుకుందాం.

నారాయణమ్మ అనే అక్క ఉందనుకుందాం. ఆమె మిషను కుడుతుంది. భర్త తాపీమేస్త్రీ. ఇద్దరూ ఏళ్ళ తరబడి కూడబెట్టారు. కొంత అప్పు కూడా తెచ్చారు. టౌను చివర రెండు గదుల కొత్త ఇల్లు చూశారు. కూతురు రాణి ఇంటర్ చదువుతోంది. పరీక్షకు పాఠాలు నెట్టులోనే వింటుంది.

బయానా ఇచ్చే రోజు రాణి అడిగింది. "ఇక్కడికి ఫైబర్ నెట్టు వస్తుందా?"

ఇల్లు అమ్మే ఆయన నవ్వాడు. "ఎంతసేపమ్మా! ఫోను చేస్తే చాలు, వచ్చి పెట్టేస్తారు" అన్నాడు.

నారాయణమ్మ ఆ మాట నమ్మింది. పాలు పొంగించి ఇంట్లో చేరారు. ఫోను చేస్తే లైనుమన్ వచ్చి చూశాడు. "మీ వీధికి మా లైను లేదక్కా. మెయిన్ రోడ్డు దాకానే ఉంది" అన్నాడు. రాణి రోజూ సాయంత్రం పుస్తకాలు పట్టుకుని పాత వీధికి నడిచేది. స్నేహితురాలి ఇంట్లో పాఠాలు వినేది. చీకటి పడ్డాక తిరిగి వచ్చేది. తల్లి గుండె గుబగుబలాడేది.

తప్పు ఎక్కడ జరిగింది? మాట విన్నారు. తీగ చూడలేదు.

ఫైబర్ అంటే ఏమిటి?

ఫైబర్ అంటే గాజు పోగు. తలవెంట్రుక అంత సన్నగా ఉంటుంది. దానిపైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. కరెంటు తీగలో కరెంటు పారుతుంది. గాజు పోగులో మాత్రం వెలుగు పారుతుంది. మాట, బొమ్మ, పాఠం అన్నీ వెలుగు మినుకులుగా మారి దాని గుండా వస్తాయి. ఆ వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది.

ఈ విద్యకు దారి చూపినవారిలో మన దేశంవాడు ఒకరున్నారు. ఆయన పేరు నరిందర్ సింగ్ కపానీ. 1926లో పంజాబులో పుట్టారు. గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని లండనులో పరిశోధన చేసి, 1954లో లోకానికి చెప్పారు.

కంపెనీ ఆఫీసు నుండి పెద్ద కేబుల్ వస్తుంది. అది వీధి స్తంభం మీద ఒక చిన్న డబ్బాలోకి చేరుతుంది. ఆ డబ్బా నుండి ఇంటింటికీ ఒక సన్న తీగ వస్తుంది. ఇంట్లో దాన్ని ఒక పెట్టెకు కలుపుతారు. వైఫై పెట్టె అంటాం కదా, అదే. వెలుగును తిరిగి మాటగా, బొమ్మగా మార్చేది ఆ పెట్టే.

కొనే ముందు ఏం చూడాలి?

వీధిలో స్తంభాల మీద డబ్బా ఉందో లేదో చూడండి. పక్కింటివాళ్ళను అడగండి. "మీకు ఏ కంపెనీ నెట్టు ఉంది? నెలకు ఎంత కడుతున్నారు? పాడైతే ఎన్ని రోజులకు వస్తారు?" అని అడగండి. మన కంపెనీవాళ్ళకు ఇంటి అడ్రసు చెప్పి, లైను ఇవ్వగలరో లేదో ముందే కనుక్కోండి. అమ్మే ఆయన "నేనే వేయిస్తాను" అంటే, ఆ మాట అగ్రిమెంటు కాగితంలో రాయించండి.

ఇల్లు ఇంకా కడుతుంటే మేస్త్రీకి ఒక మాట చెప్పండి. ప్లాస్టరింగు కాకముందే వీధి గోడ నుండి గది దాకా ఒక పైపు పెట్టించండి. పెట్టె పెట్టేచోట ప్లగ్గు కూడా పెట్టించండి. తర్వాత గోడలు పగలగొట్టే పని ఉండదు.

నారాయణమ్మ ఏం చేసింది?

ఊరికే కూర్చోలేదు. వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. తొమ్మిది ఇళ్ళవాళ్ళు మాకూ నెట్టు కావాలన్నారు. నారాయణమ్మే కాగితం మీద అర్జీ రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నా విషయం సూటిగా ఉంది. పది సంతకాలతో కంపెనీ ఆఫీసులో ఇచ్చింది. ఒక్క ఇంటికి రాని లైను పది ఇళ్ళు అడిగితే వచ్చింది.

లైనుమన్ ఫారం తెచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టక్కా" అన్నాడు.

"ఉండు నాయనా, చదివి పెడతాను" అంది నారాయణమ్మ.

కూడబలుక్కుంటూ చదివింది. ప్లాను నెలకు 500 రూపాయలు. దానిపైన 18 శాతం పన్ను, అంటే 90 రూపాయలు. మొత్తం 590. ఇంకా కింద ఆరు నెలలది ఒకేసారి కట్టాలని ఉంది.

"నెల నెలా కట్టొచ్చు అన్నావు కదా?" అని అడిగింది.

అతను తడబడ్డాడు. "ఆరు నెలలది కడితే తీగ వేసే ఖర్చు ఉండదక్కా. నెల నెలా కడితే తీగ వేసినందుకు 1000 రూపాయలు" అన్నాడు.

ఆరు నెలలకు 3540 రూపాయలు. అంత డబ్బు చేతిలో లేదు. నెల నెలా కట్టే ప్లానే రాయించింది. పెట్టె ఎవరిది, డిపాజిట్టు ఎంత, నెట్టు మానేస్తే అది తిరిగి ఇస్తారా అని కూడా అడిగింది. ఆధార్ జిరాక్సు మీద "ఇంటర్నెట్ లైను కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చింది. కట్టిన డబ్బుకు రసీదు తీసుకుంది.

ఆ సాయంత్రం రాణి ఇంట్లోనే కూర్చుని పాఠం విన్నది.

తీగ వచ్చాక జాగ్రత్తలు

గాజు పోగును మడత పెట్టకండి. దానిపైన మేకు కొట్టకండి. తెగిన కొనను కంటి దగ్గర పెట్టుకుని చూడకండి. అందులో కంటికి కనబడని వెలుగు ఉంటుంది. అది కంటికి హాని చేయవచ్చు.

కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది. అది తీగ తప్పు కాదు. కరెంటు ఉండి కూడా పెట్టెలో ఎర్ర దీపం మినుకుమంటుంటే, తీగ తెగిందనో, వెలుగు రావడం లేదనో అర్థం. అప్పుడు కంపెనీకి ఫోను చేయండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చేసి చెప్పండి.

గుర్తుంచుకుందాం

మాట వినడమే కాదు, తీగ చూద్దాం.
చదివాకే సంతకం పెడదాం.
రసీదు దాచుకుందాం.

మాట్లాడుకుందాం

1. మీ వీధికి ఫైబర్ లైను వచ్చిందా? లేకపోతే ఎంతమంది కలిసి అడగవచ్చు?
2. ప్లాను 400 రూపాయలు అయితే, 18 శాతం పన్నుతో కలిపి ఎంత కట్టాలి?
3. చదవకుండా సంతకం పెట్టి మీరు ఎప్పుడైనా నష్టపోయారా? తోటివారికి చెప్పండి.