తట్ట దింపినను దిగని బరువు

మైపాడు మొదలు జువ్వలదిన్నె వరకు నెల్లూరు సముద్రతీరమున వెలసిన పట్టపుపాలెములలో, తెల్లవారకమునుపే లేచి, పడవ ఒడ్డు తగులునప్పటికి రేవు చేరి, పాటలో చేపలు దక్కించుకొని, వానిపై ఐసు చల్లి, తట్ట నెత్తిన పెట్టుకొని ఆటోకై పరుగెత్తు తల్లికి, ఇంట జ్వరముతో పడుకొన్న బిడ్డ కన్నులలో మెదలుచునే యుండును. ఎండెక్కినకొద్ది చేప మెత్తబడి ధర జారును. పొద్దుపోయినకొద్ది బిడ్డ ఆకలికి ఏడ్చును. ఈ రెంటిలో దేనిని నిలుపుటయు ఆమె వశమున లేదు.

పని అధికమై, దానిని ఇచ్చవచ్చినట్లు నడుపుకొను స్వాతంత్ర్యము అల్పమైనచోట మనిషి త్వరగా కుంగునని రాబర్ట్ కారసెక్ అను అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు 1979లో ప్రతిపాదించెను. ఆయన పరిశీలించినది జీతగాండ్రను; మన తల్లికి ఇంట రెండవ కొలువు కూడ కలదు. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము మనదేశమున ఇంటిపని చేయు స్త్రీలు అందుకు దినమునకు 299 నిమిషములు వెచ్చింపగా, చేయు పురుషులు వెచ్చించినది 97 నిమిషములే.

ఇట్టి ఒత్తిడికి ఊపిరి నిండుగ పీల్చి వదలుమను సలహాను నేను తృణీకరింపను. అది ఆ క్షణమునకు ఊరట. కాని ఈ జిల్లా స్త్రీలే ఒకప్పుడు ఇంకొక త్రోవ చూపిరి. తీరమునకు పడమట, మెట్టసీమలోని దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో కూడిన తల్లులు, తమ నిద్రను, కూలిడబ్బును హరించుచున్నది సారాయని గ్రహించి దుకాణములు మూయించిరి. వారు రేపిన ఉద్యమము ఫలించి 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. పిమ్మట ఈ జిల్లాలోనే దినమునకొక రూపాయి కూడబెట్టు పొదుపులక్ష్మి సంఘములు వెలసెను. సంఘములో కూర్చున్న గంటసేపు మన తల్లి అప్పు పది మందికి తెలిసిన అప్పగును, బిడ్డ జ్వరము పది మంది విచారించు జ్వరమగును. అవసరమునకు ఎవరి గడపయో తొక్కి ధర్మవడ్డీకంటె నాలుగింతలకు చేయి చాపనక్కరలేదు.

ఏబదిమందికి తక్కువ కాక ఉద్యోగులున్న సంస్థలు శిశుపాలన కేంద్రము నడుపవలెనని 2017 నాటి ప్రసూతి ప్రయోజనముల చట్టసవరణ చెప్పెను గాని, యజమానియే లేని చేపల తల్లికి అది అందని పండు. ఆమెకు మిగిలినది అంగన్‌వాడీ. అదియు రేవు మేల్కొను వేళకు తెరువదు. ఇక బిడ్డను చూచుటకు ఇంటి పురుషుడు కలడు. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్రమున వేటనిషేధము. ఆ 61 దినములును అతడు ఒడ్డుననే యుండును. వల అల్లు చేతులకు బిడ్డకు గంజి పోయుట రాని విద్య కాదు. అడుగుటకు ఆమె సంకోచింపరాదు, అడుగకమునుపే అందుకొనుట అతనికి మరింత శోభ.

రెండు వారములు దాటియు నిద్ర పట్టక, దేనియందును మనసు నిలువక, అకారణముగ కన్నీరు వచ్చుచున్నచో అది అలసట కాదు, వైద్యునికి చెప్పవలసిన మాట. ప్రభుత్వపు టెలీ మానస్ కేంద్రమునకు 14416 నెంబరున రాత్రింబవళ్లు ఫోను చేయవచ్చును. రుసుము లేదు, తెలుగులోనే మాటలాడవచ్చును.