పై దవడలో ఇంప్లాంటా..? ముందు సైనస్‌ను చూడాల్సిందే!

చల్లపల్లి: ఊడిన పన్ను స్థానంలో టైటానియం మరను దవడ ఎముకలో బిగించి, దానిపై కృత్రిమ దంతాన్ని అమర్చే ఇంప్లాంటు చికిత్స ఒకప్పుడు మహానగరాలకే పరిమితం. నేడు దివిసీమ పల్లెల వారు సైతం విజయవాడ వెళ్లి ఈ చికిత్స చేయించుకుంటున్నారు. ఒక్కో పంటికి వేలాది రూపాయలు వెచ్చించేవారు ధర ఎంత, మర ఏ దేశానిది అని ఆరా తీస్తారే గానీ, తమ పై దవడలో ఎముక ఎంత మిగిలి ఉన్నదో, దాని పైన ఏమున్నదో అడిగేవారు అరుదు. పై దవడ వెనుక భాగంలో చికిత్స ఫలించడమా, వికటించడమా అన్నది చాలావరకు ఆ ప్రశ్నకు లభించే సమాధానంపైనే ఆధారపడి ఉంటుంది.

చెంప లోపల గాలి గది

ముక్కుకు ఇరువైపులా, కంటిగూటికి దిగువన, చెంప లోపల ఒక్కొక్క బోలు గది ఉంటుంది. వైద్యులు దీనిని మాగ్జిలరీ సైనస్‌గా వ్యవహరిస్తారు. 1651లో ఆంగ్ల వైద్యుడు నథానియల్ హైమోర్ దీనిని సవివరంగా వర్ణించాడు. పెద్దవారిలో దీని పరిమాణం సుమారు 12 నుంచి 15 మిల్లీలీటర్లు. లోపలి గోడలకు ఒక పలుచని పొర అంటుకుని ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో దాని మందం దాదాపు ఒక మిల్లీమీటరే. ఆ పొరలో ఊరే ద్రవం గది పైభాగాన గల చిన్న రంధ్రం గుండా ముక్కులోకి చేరుతుంది.

ఈ గది నేలకు సరిగ్గా కిందనే పై దవడ పళ్ల వేళ్లు ఉంటాయి. కొందరిలో వేరు కొసకూ, గదికీ నడుమ కాగితమంత ఎముకే అడ్డు. ఇంకొందరిలో అదీ ఉండదు. పుచ్చిన పై పన్ను కారణంగా సైనస్‌లో చీము చేరి, ఒకవైపు ముక్కు నుంచే దుర్వాసనతో కూడిన స్రావం రావడానికి ఇదే మూలం. దానిని మామూలు పడిశంగా భావించి నెలల తరబడి మాత్రలు మింగేవారూ లేకపోలేదు.

పన్ను తీయించుకున్న తర్వాత పరిస్థితి మరింత మారుతుంది. నమిలే ఒత్తిడి తగలని ఎముక కింది నుంచి అరిగిపోతుంది. పై నుంచి సైనస్ నేల కిందికి దిగుతుంది. ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసిన చోట ఎముక నాలుగైదు మిల్లీమీటర్లకు పడిపోవడం సాధారణమే. మరల పొడవు సాధారణంగా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. దివిసీమలో బోరు వేయించే రైతుకు ఈ చిక్కు తేలికగానే బోధపడుతుంది. పైన మంచినీరు ఎంత లోతు వరకు ఉన్నదో తెలియకుండా గొట్టం దింపితే తగిలేది ఉప్పునీరే.

ఏ ఇద్దరిలోనూ ఒకేలా ఉండదు

సైనస్ ఆకృతి మనిషి మనిషికీ మారుతుంది. ఒకే మనిషిలో కుడి, ఎడమలు సైతం భిన్నంగా ఉండవచ్చు. కొందరిలో గది నేల నుంచి గోడల వంటి ఎముక అడ్డుగట్లు లేస్తాయి. 1910లో అండర్‌వుడ్ అనే లండన్ శాస్త్రజ్ఞుడు వీటిని వర్ణించినందున ఆయన పేరిటే పిలుస్తారు. దాదాపు ప్రతి నాలుగు సైనస్‌లలో ఒకదానిలోనైనా ఇవి కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఇక చెంపవైపు గోడలో ఒక రక్తనాళం సాగుతుంది. అది కొందరిలో సన్నగా, కొందరిలో లావుగా, కొందరిలో మరీ కిందుగా ఉంటుంది.

ఎముక చాలనప్పుడు సైనస్ పొరను జాగ్రత్తగా పైకెత్తి, ఏర్పడిన చోటులో ఎముక పొడి నింపుతారు. 1970వ దశకంలో అమెరికా దంత వైద్యుడు హిల్ట్ టాటమ్ దీనికి శ్రీకారం చుట్టగా, 1980లో బోయిన్, జేమ్స్‌లు ఫలితాలను ప్రచురించారు. ఎముక కొంత మెరుగ్గా ఉంటే మర బిగించే రంధ్రం నుంచే పొరను ఎత్తుతారు. బాగా తక్కువైతే చెంపవైపు గోడలో చిన్న కిటికీ తెరవాలి. ఎముక కుదురుకోవడానికి ఆరు నెలలు, అంతకు మించి కూడా పట్టవచ్చు. ఇక్కడే అడ్డుగట్ల సంగతి ముందుగా తెలియకుంటే పొర చిరుగుతుంది. ఈ శస్త్రచికిత్సలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే చిక్కు అదే. రక్తనాళం తెగితే రక్తస్రావం తప్పదు. పట్టు చాలని మర ఏకంగా సైనస్‌లోకి జారిపోతే దానిని తీయడానికి మరో శస్త్రచికిత్స అవసరమవుతుంది.

ఫిల్ము ఒక్కటే చాలదు

పళ్లన్నీ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఫిల్ము తొలి పరిశీలనకు ఉపకరిస్తుంది. అయితే అది నీడ వంటిది. ఎముక వెడల్పును చూపదు, కొలతలు పెరిగి కనిపిస్తాయి, అడ్డుగట్లు కొన్నిసార్లు మరుగున పడతాయి. 1990వ దశకం చివర వచ్చిన కోన్ బీమ్ సీటీ స్కాన్ మిల్లీమీటరు ముక్కల్లో అన్ని వైపుల నుంచీ చూపుతుంది. శరీర పరీక్షలకు వాడే సీటీ కంటే దీని రేడియేషన్ సాధారణంగా తక్కువ. మొత్తం ఖర్చులో ఈ స్కానుకయ్యేది చిన్న భాగమే గనుక, దానిని తగ్గించుకోవాలని చూడడం సబబు కాదు. రోగి అడగకముందే ఆ చిత్రాన్ని తెరపై చూపించి వివరించడం వైద్యుడి బాధ్యత కూడా.

స్కానులో పొర వాచినట్లు, గది ద్రవంతో నిండినట్లు కనిపిస్తే ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించాలి. అదుపులో లేని మధుమేహం, చుట్ట, సిగరెట్ అలవాటు ఉన్నవారిలో ఎముక అతకడం కష్టం. ఈ విషయాలను దాచకుండా చెప్పాలి. ఎముక మరీ తక్కువగా ఉన్నవారికి పొట్టి మరలు, బ్రిడ్జి, తీసి పెట్టుకునే పళ్లసెట్టు వంటి ప్రత్యామ్నాయాలూ ఉన్నాయి.

విజయవాడలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి, గన్నవరం సమీపంలోని చినఅవుటపల్లి సిద్ధార్థ దంత వైద్య కళాశాల వంటి చోట్ల రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. సైనస్‌ను ఎత్తే శస్త్రచికిత్స జరిగితే కనీసం రెండు వారాలు ముక్కు గట్టిగా చీదరాదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి.