గుర్తింపు ఎవరికి, అన్నం ఎవరికి?

తిరుగుబాటు చేసినవారు ప్రభుత్వం ప్రకటించుకున్నారనీ, ఫలానా దేశం దానిని గుర్తించిందనీ వార్తల్లో వింటుంటాము. ఈ గుర్తింపు అంటే ఏమిటని సంఘ సహోదరులు అడుగుతుంటారు. దీనికి బయాఫ్రాను మించిన ఉదాహరణ మాకు తోచదు. ఎందుకంటే అక్కడ సంఘము కూడా ఇరుక్కుంది.

1966లో ఉత్తర నైజీరియాలో ఇగ్బో ప్రజలు వేలాదిగా హతులయ్యారు. బ్రతికినవారు తూర్పునకు పారిపోయి వచ్చారు. 1967 మే 30న ఒజుక్వు తూర్పు ప్రాంతాన్ని బయాఫ్రా అనే స్వతంత్ర దేశంగా ప్రకటించాడు. జూలైలో యుద్ధం మొదలైంది. ఇగ్బోలు ఎక్కువమంది క్రైస్తవులు కాబట్టి ఇది క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య పోరాటమని చాలామంది చెప్పుకున్నారు. కానీ సమాఖ్య ప్రభుత్వాధినేత గోవాన్ కూడా క్రైస్తవుడే, సువార్తికుని కుమారుడే!

ఒక దేశం మరొక ప్రభుత్వాన్ని గుర్తించడమంటే, ఆ ప్రజల పక్షాన మాట్లాడే అధికారం వీరిదేనని ఒప్పుకోవడం. అప్పుడు రాయబారులను పంపవచ్చు, ఒప్పందాలు చేసుకోవచ్చు, బహిరంగంగా సహాయం చేయవచ్చు. అయితే యుద్ధం తేలకముందే గుర్తిస్తే, పాత ప్రభుత్వం దానిని తన ఇంటి విషయంలో జోక్యంగానే చూస్తుంది. వలస పాలకులు గీసిన సరిహద్దులు ఒకచోట కదిలితే తమ దేశాలూ చీలతాయని ఆఫ్రికా నాయకులు భయపడ్డారు. అందుకే ఆఫ్రికా ఐక్యతా సంస్థ నైజీరియా వైపే నిలిచింది. బ్రిటన్, సోవియట్ యూనియన్ ఆ ప్రభుత్వానికే ఆయుధాలిచ్చాయి.

ఈ గీత దాటిన మొదటి దేశం టాంజానియా. 1968 ఏప్రిల్‌లో నైరేరే బయాఫ్రాను గుర్తించాడు. ఆఫ్రికా ఐక్యత కోసం పాటుపడినవాడే ఇలా చేయడం అందరినీ ఆశ్చర్యపరచింది. ప్రజల ప్రాణాలకు భద్రత ఇవ్వలేని రాజ్యం వారి విధేయతను బలవంతంగా కోరలేదన్నది ఆయన వాదన. తర్వాత గాబన్, ఐవరీ కోస్ట్, జాంబియా, మరుసటి ఏడు హైతీ. అంతే, ఐదు దేశాలు. ఫ్రాన్స్ చాటుగా ఆయుధాలు అందించింది గాని గుర్తింపు మాత్రం ఇవ్వలేదు.

ఈలోగా చుట్టూ దిగ్బంధం బిగిసి బిడ్డలు ఆకలితో చనిపోతున్నారు. కతోలిక, ప్రొటెస్టెంట్ సంఘాలు చేతులు కలిపి సావో తోమే దీవి నుండి రాత్రివేళ విమానాల్లో ఆహారం పంపాయి. ఉలి అనేచోట రహదారినే రన్‌వేగా మార్చి, దీపాలు కాసేపు వెలిగించి, విమానం దిగగానే ఆర్పేసేవారు. 1969 జూన్‌లో రెడ్‌క్రాస్ విమానం కూల్చివేయబడిన తర్వాత ఆ సంస్థ ఆగిపోయినా సంఘాల విమానాలు ఆగలేదు.

ఇక్కడే మనకు కష్టమైన ప్రశ్న ఉంది. అదే ఉలిలో ఆయుధాల విమానాలూ దిగేవి. పగటిపూట తనిఖీతో ఆహారం పంపే ఏర్పాటుకు ఒజుక్వు ఒప్పుకోలేదు. ఆహారం పంపడమే తిరుగుబాటుకు సంఘమిచ్చిన గుర్తింపని నైజీరియా భావించింది. ఆ సహాయం యుద్ధాన్ని పొడిగించిందని విమర్శించినవారు క్రైస్తవుల్లోనూ ఉన్నారు. వారిని తప్పుపట్టలేము. అయినా ఆకలిగొన్న బిడ్డకు అన్నం పెట్టేముందు ఆమె ఏ ప్రభుత్వానికి చెందినదో తేల్చుకోవాలని మేము చెప్పలేము. పెట్టిన తర్వాత ఒక జెండాకు జైకొట్టకుండా ఉండడమే కష్టం, కొందరు మిషనరీలు అక్కడే తడబడ్డారని మా అభిప్రాయం.

1970 జనవరి 15న బయాఫ్రా లొంగిపోయింది. దాని పక్షాన నిలిచిన సంఘ సంస్థల సహాయం తమకు అక్కరలేదని గోవాన్ ప్రకటించాడు. ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి సేవచేసిన ఐరిష్ ఫాదర్లు అనేకులు దేశం నుండి పంపివేయబడ్డారు.