పర్మిట్ ఒక్కటే చాలదు: నగర ప్రైవేటు బస్సుల నియంత్రణలో ఢిల్లీ అనుభవం

న్యూఢిల్లీ: నగరంలో ఏ బస్సు ఏ రూటులో తిరగాలో పర్మిట్ నిర్ణయిస్తుంది. ఆ బస్సు ఎంత వేగంతో వెళుతుంది, ఏ స్టాపులో ఎంతసేపు ఆగుతుంది అన్నవి మాత్రం యజమానికి డబ్బు అందే పద్ధతిపై ఆధారపడి ఉంటాయి. దేశ రాజధానికి ఈ సంగతి తెలిసిరావడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. ఈలోగా ఎన్నో ప్రాణాలు పోయాయి.

ఢిల్లీ రవాణా సంస్థ (డీటీసీ) బస్సులు చాలకపోవడంతో 1992లో ప్రైవేటు యజమానులకు పెద్ద ఎత్తున పర్మిట్లు ఇచ్చారు. ఇవే ‘రెడ్‌లైన్’ బస్సులు. ప్రమాదాలు పెరిగి ప్రజాగ్రహం వ్యక్తం కావడంతో వాటికి నీలి రంగు వేసి ‘బ్లూలైన్’ అని పేరు మార్చారు. మారింది రంగే తప్ప పద్ధతి కాదు.

యజమానుల్లో అధికులు ఒకటి రెండు బస్సులు ఉన్నవారే. టికెట్ల ద్వారా వచ్చిన సొమ్మంతా బస్సుదే. అందువల్ల ఒకే రూటులో ముందు వెళ్లే బస్సుకు ప్రయాణికులు దొరుకుతారు, వెనుక వచ్చే బస్సుకు ఖాళీ స్టాపులు మిగులుతాయి. రద్దీ ఉన్న స్టాపులో బస్సు నిండేదాకా కదలకపోవడం, ఆ తర్వాత ముందున్న బస్సును దాటేందుకు దూసుకుపోవడం ఈ లెక్క నుంచి పుట్టినవే. డ్రైవరు దురుసుతనాన్ని నిందించడం తేలికే. అయితే ఆ సీటులో నిదానస్తుడిని కూర్చోబెట్టినా సాయంత్రానికి వసూళ్లు చూపించక తప్పదు.

2007లో బ్లూలైన్ ప్రమాదాల్లో వందమందికి పైగా మరణించారు. ఢిల్లీ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు చేపట్టింది. 2010 కామన్వెల్త్ క్రీడల ముందు ఆరంభమైన ఉపసంహరణ 2012 నాటికి పూర్తయింది.

వాటి స్థానంలో 2011లో ‘క్లస్టర్’ విధానం మొదలైంది. నగర రూట్లను 17 సముదాయాలుగా విభజించి, ఒక్కొక్క దానికి టెండరు ద్వారా నిర్వాహకుడిని ఎంపిక చేయాలన్నది ప్రణాళిక. టికెట్ల ఆదాయం ప్రభుత్వానికి చేరుతుంది. నిర్వాహకుడికి బస్సు తిరిగిన దూరం వంటి కొలమానాల ప్రకారం చెల్లింపు ఉంటుంది. జీపీఎస్ ద్వారా నిఘా ఉంటుంది, ట్రిప్పు తప్పితే జరిమానా పడుతుంది. పక్క బస్సుతో పందెం పెట్టుకునే అవసరమే లేకుండా పోయింది. తెలుగు రాష్ట్రాల్లో ఆర్టీసీ అద్దె బస్సుల యజమానులకు కిలోమీటరు చొప్పున చెల్లించడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. 2019 అక్టోబరులో ఢిల్లీలో మహిళలకు ఉచిత ప్రయాణం ప్రవేశపెట్టినప్పుడు క్లస్టర్ బస్సులనూ అందులో చేర్చగలిగారు. టికెట్ డబ్బుపై బతికే బ్లూలైన్ బస్సు అయితే ఉచితంగా ఎక్కే మహిళ కోసం ఆగేదా అన్నది అనుమానమే.

ఈ విధానానికీ లోపం ఉంది. ప్రయాణికులు ఎక్కినా ఎక్కకపోయినా నిర్వాహకుడికి సొమ్ము అందుతుంది కాబట్టి స్టాపులో ఆపకుండా వెళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. తనిఖీ సడలితే నష్టపోయేది ప్రయాణికుడే. లోటు భారం ఖజానాపై పడుతుంది కనుక కొత్త బస్సులు చేర్చడమూ నెమ్మదిస్తుంది. ఢిల్లీకి 10,000 బస్సులు ఉండాలని సుప్రీంకోర్టు 1998 జులైలో ఆదేశించింది. గడువు 2001 ఏప్రిల్ 1. ఆ సంఖ్యను నగరం ఇప్పటికీ అందుకోలేదు.

బస్సు రాని చోటికి చిన్న వాహనాలు వస్తాయి. 2010లో ఆరంభమైన ‘గ్రామీణ్ సేవ’ బండ్లు, షేర్ ఆటోలు, ఈ-రిక్షాలు కాలనీలకూ మెట్రో స్టేషన్లకూ మధ్య ఖాళీని పూరిస్తున్నాయి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం దారిలో ఒక్కొక్కరిని ఎక్కించుకుని విడివిడిగా చార్జీ తీసుకునేది స్టేజీ క్యారేజీ. బండి మొత్తాన్ని ఒక ఒప్పందంపై మాట్లాడుకునేది కాంట్రాక్ట్ క్యారేజీ. షేర్ ఆటో చాలాచోట్ల రెండో తరహా పర్మిట్‌తో మొదటి పని చేస్తుంది. హైదరాబాద్ శివార్లలోనూ ఈ దృశ్యం కొత్త కాదు. కిక్కిరిసిన బండిని పోలీసులు ఆపితే చలానా రాస్తారు, కానీ అందులోంచి దిగిన వారికి మరో బండి చూపలేరు.

యాప్ ట్యాక్సీల విషయంలోనూ చెల్లింపు ప్రశ్నే ముందుకొచ్చింది. చట్టానికి 2019లో చేసిన సవరణతో ఈ సంస్థలకు లైసెన్సు తప్పనిసరి అయింది. రద్దీ వేళల్లో చార్జీ మూల ధరకు ఒకటిన్నర రెట్లు మించరాదని, చార్జీలో కనీసం 80 శాతం డ్రైవరుకు దక్కాలని, రోజుకు 12 గంటలకు మించి బండి నడపరాదని కేంద్రం 2020 మార్గదర్శకాల్లో పేర్కొంది. 2025 జులైలో చార్జీ పరిమితిని రెండు రెట్లకు పెంచింది. అమలు మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంది.

చిన్న రూట్ల కోసం ఢిల్లీ ప్రభుత్వం 2025 మే 2న ‘దేవి’ పేరిట 9 మీటర్ల పొడవైన విద్యుత్ మినీ బస్సులను ప్రారంభించింది. తొలి విడతలో 400 బస్సులు రోడ్డెక్కాయి. పెద్ద బస్సు మలుపు తిరగలేని ఇరుకు వీధులకు, మెట్రో స్టేషన్లకు వీటిని నడుపుతున్నారు. ఇన్నాళ్లూ గ్రామీణ్ సేవ బండ్లు, ఈ-రిక్షాలు తిరుగుతున్నదీ ఆ దారుల్లోనే.