ఎం.ఎస్. ఉన్నవాళ్లని ఫిజియో ఎలా పరీక్షిస్తారు? ఒక్క నడక చూస్తే ఎందుకు సరిపోదు?

"పొద్దున బానే నడిచావుగా, సాయంత్రానికి ఏమొచ్చింది?" మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎం.ఎస్. ఉన్నవాళ్లు ఇంట్లో ఈ మాట పడుతూ ఉంటారు. అది బద్ధకం కాదండీ, నటన అసలే కాదు. ఆ తేడాని ఫిజియోథెరపిస్టు ఎలా పట్టుకుంటారో ఈరోజు చూద్దాం.

ముందు జబ్బు సంగతి. కరెంటు వైరుకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే, మన నరాలకి మైలిన్ అనే పొర ఉంటుంది. ఎం.ఎస్.లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో ఆ పొరని దెబ్బతీస్తుంది. సిగ్నల్ లేటవుతుంది, ఒక్కోసారి అసలు చేరదు. ఒంట్లో వేడి కాస్త పెరిగినా లక్షణాలు ఎక్కువవ్వొచ్చు, చల్లబడితే తగ్గుతాయి. ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే దీని గురించి రాశారు. మన మే నెల ఎండలో ఆటోలో వచ్చిన మనిషిని వెంటనే నడిపిస్తే రిజల్ట్ ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇక టెస్టులు. మొదటిది, 25 అడుగులు వీలైనంత త్వరగా, పడిపోకుండా నడవాలి. స్టాప్‌వాచ్‌తో టైం చూస్తారు. టైం 20 శాతం పెరిగితే నిజంగానే మార్పు వచ్చిందని సాధారణంగా లెక్క. అంటే ముందు 8 సెకన్లు పట్టినవాళ్లకి ఇప్పుడు 9.6 పట్టిందనుకోండి, పట్టించుకోవాల్సిందే. బ్యాలెన్స్‌కి బెర్గ్ స్కేల్ ఉంది: 14 పనులు, మొత్తం 56 మార్కులు. చేతులకి 9 కన్నాల బోర్డు. చిన్న పుల్లలు పెట్టి, మళ్లీ తీయాలి. కాలు వంచి చాపి కండరాల బిగుతు కూడా చూస్తారు.

అసలు కిటుకు 6 నిమిషాల నడకలో ఉంది. 25 అడుగులు చకచకా నడిచిన మనిషికే నాలుగైదు నిమిషాలయ్యాక పాదం నేలకి రాసుకోవచ్చు. చిన్న టెస్టులో దాక్కున్న అలసట ఇక్కడ బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, యాప్ ఓపెన్ అయిందని టెస్టింగ్ అయిపోదు, లోడ్ పెట్టి చూడాలి కదా!

అందుకే రెండోసారి వెళ్లేటప్పుడు వీలైతే అదే టైం, అవే చెప్పులు, అదే చేతికర్ర. ఈమధ్య ఎన్నిసార్లు పడ్డారో, ఏ టైంలో నీరసం వస్తుందో ఫోన్‌లో రాసుకోండి. సాయంత్రం నడకని ఇంట్లోవాళ్లు వీడియో తీస్తే ఇంకా మంచిది, క్లినిక్‌లో కనపడనిది అందులో కనపడుతుంది.

ఒక్క జాగ్రత్త: జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకుండా కొత్త బలహీనత 24 గంటలు దాటితే ఫిజియో అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, న్యూరాలజిస్టుకి ఫోన్ చేయండి.

ఇంట్లో ఎవరికైనా ఎం.ఎస్. ఉంటే, ఆ మొదటి మాట అనేముందు ఈ 6 నిమిషాల నడక గుర్తు తెచ్చుకోండి.