పారవేయుమన్న కవిత

కోపము కవిత్వమునకు తగదని తలచువారు అన్ని దేశములలోను కలరు. రౌద్రమును రసములలో ఒకటిగా గణించిన మన ఆలంకారికులు మాత్రము అట్లు తలపలేదు. కోపమునకు కవితలో చోటున్నదా యను ఈ ప్రశ్న అమెరికాలోని చీనా సంతతి కవయిత్రి నెల్లీ వాంగ్ జీవితమున ఒకనాడు సూటిగా ఎదురైనది.

ఆమె 1934లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరమున జన్మించినది. తండ్రి దక్షిణ చీనాలోని తైషాన్ ప్రాంతమునుండి 1912లో వలస వచ్చినాడు. చీనా కూలీల రాకను నిషేధించుచు అమెరికా 1882లో చేసిన శాసనము 1943 వరకు రద్దు కాలేదు. ఆనాటి నిర్బంధముల మూలమున తల్లి 1933లో వచ్చినపుడు, సర్కారు కాగితములలో ఆమె భర్తకు భార్య కాదు, సోదరి! నిజమును దాచుకొనక తప్పని ఆ యింట నెల్లీ పెరిగినది.

తలిదండ్రులు ఓక్లండ్‌లో 'గ్రేట్ చైనా' అను భోజనశాల నడపిరి. బాలికయగు నెల్లీ అచట వడ్డన చేసెడిది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, ఇరుగుపొరుగున నున్న జపాను సంతతి కుటుంబములను ప్రభుత్వము నిర్బంధ శిబిరములకు తరలించినది. ముఖకవళికలే నేరమగుట ఆ పసి మనస్సున నాటుకొన్నది.

చదువు ముగించి ఆమె బెత్లెహెం ఉక్కు కంపెనీలో కార్యదర్శిగా చేరినది. 1982 వరకు ఆ కొలువుననే యున్నది. పగలెల్ల ఒరుల ఉత్తరములను టైపు చేయుటయే పని. ముప్పదియైదేండ్ల ప్రాయమున, ఉద్యోగము విడువకయే, శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయమున చదువనారంభించినది. అచట ఆగ్రహముతో ఒక కవిత వ్రాసినది. ఆచార్యుడొకడు చూచి, దానిని పారవేయుమన్నాడు. ఆయన మాట వినవలసిన పని లేదని తోటి విద్యార్థిని ధైర్యము చెప్పినది. ఆ మాటయే ఆమెను నిలిపినది.

1977లో ఆమె తొలి సంపుటము 'డ్రీమ్స్ ఇన్ హారిసన్ రైల్‌రోడ్ పార్క్' వెలువడినది. పిమ్మట మెర్ల్ వూ, కిట్టీ ట్స్యూయ్ మున్నగు చీనా సంతతి రచయిత్రులతో కలసి 'కట్టువిడిన పాదములు' అను అర్థము గల పేరుతో ఒక బృందమును స్థాపించినది. పసిబిడ్డల పాదములను బిగించి కట్టి, నడకనే కుంటుపరచిన ప్రాచీన చీనా దురాచారమునకు ఆ పేరే ప్రత్యుత్తరము. వారు తమ రచనలను వేదికలపై చదివిరి. అభిప్రాయభేదములచే 1981లో విడిపోయిరి.

ఆ యేడే ఆమెపైనను, జపాను సంతతి కవయిత్రి మిత్సుయే యమాడాపైనను ఒక డాక్యుమెంటరీ చిత్రము వచ్చినది. యమాడా స్వయముగా నిర్బంధ శిబిరమున గడపినది. పొరుగువారిని కొనిపోగా చూచిన బాలికయు, కొనిపోబడిన యువతియు పెద్దవారై ఒకే చిత్రమున గోచరించిరి.

నెల్లీకి కవితయు ఉద్యమమును వేరు కావు. స్త్రీల హక్కులు, శ్రామికుల హక్కులు, జాతి సమానత్వము ఒక్క పోరాటమే యని నమ్మి, 'రాడికల్ విమెన్' సంస్థలోను, 'ఫ్రీడం సోషలిస్టు పార్టీ'లోను పనిచేసినది.

2011లో, తాను చదివిన ఓక్లండ్ ఉన్నత పాఠశాలలోని ఒక భవనమునకు ఆమె పేరు పెట్టిరి. పిల్లల వ్రాతలో దోషములను దిద్దుట గురువు ధర్మము. కాని కోపము కనబడినంతనే కాగితమును పారవేయుమనుట దిద్దుబాటు కాదు. ఆ తీర్పును ఆమె పాటించియుండిన, ఆ భవనముపై ఆ పేరు ఉండెడిది కాదేమో!