సూదిపోటుని దాచుకోకండి

మా మేడమీద వాటాలో ఉండే అమ్మాయి ఒక పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంటుగా పనిచేస్తోంది. పోయినేడు వేసవిలో ఓ సాయంత్రం మా వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, కాస్త పసుపు ఇస్తారా?" అంది. చూపుడువేలికి చేతిరుమాలు చుట్టుకుని ఉంది.

"ఏం తెగిందే?"

"తెగలేదక్కా. పన్ను పీకే ముందు ఒకాయనకి మత్తిచ్చిన సూది. మూత పెట్టబోతే గ్లవ్‌లోంచి గుచ్చుకుంది. డాక్టరుగారికి చెప్పలేదు. చెబితే పని చేతకాదని మానిపించేస్తారేమో!"

ఆ ఆదివారమే ఆ పిల్లకి పెళ్లిచూపులు. నిజం చెప్పొద్దూ, నా నోటిదాకా వచ్చిన మాట "ఎవరికీ చెప్పకు, పసుపద్దుకుని ఊరుకో" అనే. అదృష్టం కొద్దీ, గవర్నమెంటాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా ఆడపడుచు గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"పసుపు పక్కన పెట్టు వదినా! ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద కడిగించు. నెత్తురు రావాలని వేలు పిండొద్దు. స్పిరిట్‌లాంటి ఘాటు మందులేవీ పొయ్యొద్దు. వెంటనే ఇక్కడికి తీసుకురా. తెల్లారేదాకా ఆగొద్దు" అంది గబగబా.

ఆటోలో ఆ పిల్ల ఒకటే ఏడుపు. అక్కడికెళ్లాక మా ఆడపడుచు నెమ్మదిగా చెప్పింది. ఇలాంటి పోటుతో ముఖ్యంగా భయపడవలసినవి మూడు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. అందరూ వణికేది హెచ్.ఐ.వి.కే గానీ, ఆ రోగికి అది ఉన్నా ఒక్క పోటుతో సోకేది సుమారు వెయ్యిమందిలో ముగ్గురికే. హెపటైటిస్ బి అలా కాదు. రోగికి అది ఉండి, మనం టీకా వేయించుకోకపోతే నూటికి 6 నుంచి 30 మందిదాకా సోకవచ్చు.

"నీకు టీకా వేయించారా?" అనడిగితే, "అలాంటిదొకటుందని కూడా నాకెవరూ చెప్పలేదండీ" అంది ఆ పిల్ల.

ఆమె రక్తం పరీక్షకి తీసుకున్నారు. హెచ్.ఐ.వి. రాకుండా మందులు ఆ రాత్రే మొదలుపెట్టారు. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదట. 72 గంటలు దాటితే లాభం లేదట. మామూలుగా 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మొదటి డోసు కూడా అప్పుడే వేశారు.

ఇక పళ్ల డాక్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన మొదట "ఇవన్నీ మామూలేనమ్మా" అని విసుక్కున్నా, తరవాత ఆ రోగికి ఫోన్ చేశారు. ఒప్పుకోకుండా ఎవరికీ హెచ్.ఐ.వి. పరీక్ష చెయ్యకూడదు. ఆ పెద్దమనిషి మర్నాడే వచ్చి, పరీక్షకి ఒప్పుకున్నాడు. మూడూ లేవని తేలింది. మందులు ఆపేశారు.

ఆ పిల్ల తల్లి బెంగంతా ఆసుపత్రి చీటీ గురించే. "ఈ సంగతి బయటికి పొక్కితే సంబంధాలొస్తాయా?" అంటుంది. 2017 నాటి చట్టం ప్రకారం మనం ఒప్పుకోకుండా హెచ్.ఐ.వి. వివరాలు బయటపెట్టకూడదని చెప్పాక గానీ ఆవిడ స్థిమితపడలేదు. పెళ్లిచూపులు జరిగాయి. సంబంధం తప్పిపోయింది - సూదిపోటు వల్ల కాదు, కట్నం దగ్గర!

పళ్ల వైద్యంలో అదే మనిషికి మళ్లీ మత్తివ్వాల్సి వస్తుంది కనక సూదికి మూత పెట్టే పని తరచు పడుతుంది. అప్పుడు మూతని రెండోచేత్తో పట్టుకోకూడదు. ట్రేలో పడుకోబెట్టి, ఒంటిచేత్తోనే సూదిని అందులోకి దూర్చాలి. వాడేసిన సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోనే పడెయ్యాలి. సిబ్బందికి హెపటైటిస్ బి టీకా వేయించే బాధ్యత యజమానిదేనని 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల్లో ఉంది.

మీ ఇంట్లోనూ క్లినిక్కులో, ల్యాబులో పనిచేసే ఆడపిల్ల ఉందా? అయితే ఈ రాత్రి అన్నం పెడుతూ అడగండి. మూడు డోసుల టీకా అయిందా? సూదులకి డబ్బా ఉందా? గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో తెలుసా? ముఖ్యంగా, "గుచ్చుకుంటే ముందు నాకు చెప్పు, తిట్టను" అనండి.

మా మేడమీది అమ్మాయి ఆర్నెల్లకి మూడో డోసు కూడా వేయించుకుంది. ఆ క్లినిక్కులో ఇప్పుడు కుర్చీ పక్కనే తెల్ల డబ్బా ఉంది. అడిగి పెట్టించింది ఆ పిల్లే.